ఆ టీవీ కట్టేయొద్దు

ఆస్పత్రి వంటింట్లో పొద్దుటి డ్యూటీ ముగించుకుని, బస్సు దిగి, మోకాలి లోతు మంచులో కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి తైమికి కావలసింది ఒక్కటే. బూట్లు విప్పేసి, కాఫీ కప్పు పట్టుకుని, బేస్‌మెంటులో పాత సోఫాలో కూలబడి, మధ్యాహ్నం సీరియల్ చూస్తూ ఓ కునుకు తీయాలి. సీరియల్లో ఎవరు ఎవరితో లేచిపోయారన్నది ఆమెకు పెద్ద పట్టింపు కాదు. ఆ మాటలు చెవిన పడుతుంటే నిద్ర హాయిగా పడుతుంది, అంతే.

ఆ ఒక్క సుఖానికీ ఇప్పుడు దిక్కు లేదు. ఇంట్లో ఉన్న ఒక్క టీవీలో ఓ అంకె వచ్చి తిష్ఠ వేసింది.

నల్లటి తెర, పైన పచ్చగా మెరిసే ఆరంకెల సంఖ్య, అడుగున విరిగిపోయిన చిన్న బండి బొమ్మ. అది కదలదు, మెదలదు. దాని పక్కన స్టూలు వేసుకుని తైమి మొగుడు ఊర్హో కూర్చుని ఉంటాడు. అతనూ కదలడు, మెదలడు.

"ఇవాళైనా కట్టేస్తావా?" అని రోజూ అడుగుతుంది తైమి, మెట్ల మీదే నిలబడి.

"ఫోటోలు రానీ."

"వచ్చాయిగా మొన్న?"

"అవి సరిగ్గా రాలేదు. మళ్ళీ తీశాను."

ఈ గోలంతటికీ మూలం ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు కట్టుకున్న ఫిన్నిష్ హాలులో క్రిస్మస్‌కి తీసిన లక్కీ డ్రా. తైమి టిక్కెట్టు కొన్నది పెద్ద ఫ్రీజరు మీద కన్నేసి. ఫ్రీజరేమో రెండిళ్ళ అవతల ఉండే ఎర్కి పెద్దాయనకు తగిలింది. ఒంటి మనిషి, అందులో పెట్టుకోవడానికి ఆయన దగ్గర ఏముందో ఆయనకే తెలియాలి. తైమికి దక్కింది కంప్యూటరు. టైపు మిషను అంత పెట్టె, దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలు పడతాయి. ఇంట్లో దాంతో ఎవరికీ పని లేదు. ఇంట్లో పని లేనివాడు మాత్రం ఒకడున్నాడు కాబట్టి అది అతని చేతిలో పడింది.

కెనడాలోని ఆ గనుల ఊరు సడ్‌బరీలో ఆ చలికాలం పని లేనివాళ్ళు ఇంటికొకరు. నికెల్ ధర పడిపోయిందని గని మూసి, కొందరిని మళ్ళీ పిలిచారు, కొందరిని పిలవలేదు. ఊర్హోని పిలవలేదు. మొదట్లో అతను ఇంట్లో పాడైనవన్నీ బాగుచేశాడు. తరువాత పాడుకానివి కూడా బాగుచేయడం మొదలుపెట్టాడు. వంటింటి అలమర తలుపులు ఊడదీసి మళ్ళీ బిగించిన రోజున తైమి నోరు మూసుకుని ఊరుకుంది కానీ, లోపల భయపడింది.

కంప్యూటరుతో పాటు ఓ ఆట వచ్చింది. పైనుంచి రాళ్ళు పడుతుంటాయి, కింద చిన్న బండిని అటూ ఇటూ జరుపుతూ తప్పించుకోవాలి. ఎంతసేపు తప్పించుకుంటే అంత లెక్క పెరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఊర్హో నవ్వాడు.

"ఇదే కదా నేను ఇన్నేళ్ళూ చేసింది. అప్పుడు జీతం కూడా ఇచ్చేవాళ్ళు."

రాయి పడబోయే ముందు గని పైకప్పు చేసే చప్పుడు వినడానికి అలవాటుపడ్డ మనిషి. తెర మీది రాళ్ళకు చప్పుడేమీ ఉండదు గానీ, వాటి తీరు అతనికి ఇట్టే పట్టుబడింది. ఓ మధ్యాహ్నం మెట్లెక్కి వంటింట్లోకొచ్చి, బంగాళాదుంపల తొక్క తీస్తున్న తైమి పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"తైమీ, ఓసారి కిందికి రా."

"ఏం, మళ్ళీ ఏం ఊడదీశావు?"

"ఏం లేదు. ఓసారి చూడు."

చూసింది. అంకె పెద్దదని తెలిసింది గానీ, ఎంత పెద్దదో తెలియలేదు. ఊర్హో ఓ పత్రిక విప్పి చూపించాడు. ఆ ఆట ఆడేవాళ్ళలో అందరికంటే ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళ పేర్లు, ఊళ్ళు అందులో నెలనెలా వేస్తారు. దేశం మొత్తం మీద మొదటి పేరు పక్కన ఉన్న అంకె కంటే మన తెర మీద ఉన్నది పెద్దది.

"నిజమా?" అంది తైమి.

"నిజమే." ఊర్హో మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో తైమికి గుర్తు లేదు. ఆ మొహం చూసి ఆమెకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఆ సంతోషమే ఆమె కొంప ముంచింది. ఎందుకంటే పత్రికవాళ్ళు ఊరికే నమ్మరు. తెరను ఫోటో తీసి పంపాలి. ఆ బొమ్మ కంప్యూటరులో దాచుకోవడానికి వీల్లేదు. కట్టేస్తే అంకె పోతుంది. తెర మీద ఉన్నదాన్ని కాగితం మీద అచ్చువేసే మిషను ఉంటుందని కొట్టువాడు చెప్పాడు గానీ, అది తగిలించాలన్నా ముందు కంప్యూటరు కట్టేయాలి. కాబట్టి కెమెరా ఒక్కటే గతి. ఫోటో బాగా వచ్చిందని కళ్ళారా చూసుకునేదాకా టీవీ కట్టేయకూడదు.

మొదటి రీలు తైమే మందుల షాపులో ఇచ్చింది. అక్కడినుంచి రీళ్ళు టొరొంటో వెళ్ళి, ఫోటోలై తిరిగిరావాలి. వచ్చాయి. ప్రతి ఫోటోలోనూ టీవీ అద్దం మధ్య తెల్లటి సూర్యుడు. ఫ్లాష్ వేసి తీశాడు మహానుభావుడు.

రెండో రీలు ఫ్లాష్ లేకుండా, దీపాలార్పి, కిటికీకి దుప్పటి కట్టి తీశాడు. అందులో ప్రతి ఫోటోకీ అడ్డంగా నల్లటి పట్టీ. ఆ పట్టీ కూడా ఎక్కడో పక్కన పడకుండా సరిగ్గా అంకె మీదే పడింది. మందుల షాపులో ఫోటోల కౌంటరు దగ్గర కూర్చునే జిజెల్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇలాంటివి ఈ మధ్య చాలా వస్తున్నాయమ్మా. టీవీలో బొమ్మ ఒక్కసారిగా ఉండదట, పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తుందట. కెమెరా మరీ గబుక్కున రెప్ప వేసేస్తే సగమే పడుతుంది. నెమ్మదిగా రెప్ప వేసేట్టు పెట్టుకోమను మీ అబ్బాయిని."

"అబ్బాయి కాదు, మా ఆయన," అంది తైమి.

జిజెల్ కవరు మూస్తూ, "మా ఆయనా ఇంట్లోనే ఉన్నాడు," అంది.

శుక్రవారం మూడో రీలు ఇచ్చింది తైమి. మంగళవారం వస్తాయన్నారు. ఆ సాయంత్రమే ఎలియట్ లేక్ అనే ఊరినుంచి తమ్ముడు రైమో ఫోను చేశాడు. అతను అక్కడి యురేనియం గనిలో పనిచేస్తున్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు, పక్కన ఎవరో వింటున్నట్టు.

"అక్కా, బావకి పని చూశాను. మా ఫోర్‌మన్‌తో మాట్లాడాను. సోమవారం పొద్దున్నే గేటు దగ్గరుండాలి."

తైమి గోడకు చేరగిలబడింది. ఎన్ని నెలలనుంచో ఈ మాట కోసమే చూస్తోంది. ఫోను తీగ సాగినంత మేరా సాగదీసి, మెట్ల దగ్గరికెళ్ళి ఊర్హోని పిలిచింది.

ఊర్హో వచ్చి రిసీవరు అందుకుని అంతా విన్నాడు. విన్నాక, "బుధవారం వస్తానని మీ ఫోర్‌మన్‌కి చెప్పు," అన్నాడు.

రైమో అరుపు తైమికి కూడా వినబడింది. "బావా, నీకు మతి ఉందా? బుధవారం దాకా ఎవడాగుతాడు? ఇక్కడ గేటు దగ్గర జనం మంచులో నిలబడి ఉన్నారు."

"మంగళవారం ఓ పని ఉంది."

"ఏం పని?"

ఊర్హో చెప్పడానికి సిగ్గుపడ్డాడని తైమికి అర్థమైంది. రిసీవరు ఆమె చేతిలో పెట్టి కిందికెళ్ళిపోయాడు. తైమి తమ్ముడితో, "నేను పంపిస్తాలే," అంది. ఎలా పంపిస్తుందో ఆమెకే తెలియదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బతిమాలింది. "నువ్వు వెళ్ళు. టీవీ సంగతి నేను చూసుకుంటాను. నేను ముట్టుకోను, ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"ఫోటో మళ్ళీ పాడైతే ఎవరు తీస్తారు? నువ్వెప్పుడైనా కెమెరా పట్టుకున్నావా?"

"నేర్పు, పట్టుకుంటాను."

"నాకే సరిగ్గా రావడం లేదు, నీకేం నేర్పను?"

"ఊర్హో, అది ఆట. పిల్లలాట."

అనకూడని మాట అనేసింది. ఊర్హో చెంచా కంచంలో పెట్టేశాడు. బఠాణీ సూపు చల్లారిపోయింది. తైమికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయింది. అందులో అబద్ధమేముంది?

శనివారం ఎర్కి పెద్దాయన, వారం వారం వచ్చేట్టే ఆవిరి స్నానానికని, చంకలో తువ్వాలు, చేతిలో ఆవిరిలో ఒంటికి కొట్టుకునే ఎండిన బర్చి కొమ్మల కట్ట పట్టుకుని వచ్చాడు. ఆ బేస్‌మెంటులో ఆవిరి పట్టే సౌనా గది ఊర్హో స్వయంగా కట్టుకున్నది. అందులో పొయ్యి కరెంటుది. పాత ఇల్లు, చిన్న ఫ్యూజులు. పొయ్యి వేసినప్పుడు వంటింట్లో కరెంటు ఓవెన్ వేయకూడదు, బట్టలారబెట్టే మిషను తిప్పకూడదు. మూడూ కలిశాయంటే ఇల్లంతా చీకటి. అది ఆ ఇంటి కట్టుబాటు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి కూడా ముందు ఇదే చెప్తారు. ఇప్పుడు ఊర్హో అసలు పొయ్యే వేయనివ్వడం లేదు. కరెంటు పోతే అంకె పోతుంది, ఎందుకొచ్చిన తంటా అని.

"ఈ వారం కూడా లేదా?" అన్నాడు పెద్దాయన. "మా అమ్మ కన్నుమూసిన శనివారం నాడు కూడా మా ఇంట్లో సౌనా మానలేదమ్మాయ్. ఆవిడని పక్కగదిలో పెట్టుకుని స్నానాలు చేశాం."

"ఏం చేయను పెద్దాయనా, అక్కడ ఆయన కాపలా."

"అంకెకా?"

"అంకెకే."

పెద్దాయన మెట్ల మీదినుంచి కిందికి తొంగిచూశాడు. "ఊర్హో, దానికి ఆకలేస్తే ఏం పెడతావురా?" అని అరిచాడు. కింద ఊర్హో స్టూలు తెరకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. పెద్దాయన మొహంలో నవ్వు పోయింది. తువ్వాలు సర్దుకుని, "వాణ్ణి బయటికి లాగమ్మాయ్," అని చెప్పి మంచులో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం తైమికి సెలవు. పొద్దున లేచి ఊర్హో సంచీ సర్దింది. మందపాటి మేజోళ్ళు, లోదుస్తులు, గడ్డం గీసుకునే సామాను. సంచీ తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టింది. ఊర్హో కాఫీకి పైకొచ్చినప్పుడు దాన్ని చూశాడు. పక్కకు జరిపి, బూట్లు తుడుచుకునే గుడ్డ తీసుకుని వెళ్ళాడు. టీవీ అద్దం మీద దుమ్ము తుడవడానికట.

సాయంత్రం బస్సు ఒక్కటే ఉంది. అది తప్పిపోతే సోమవారం పొద్దుటికి ఎలియట్ లేక్ చేరలేడు.

తైమి పిండి కలిపి, యాలకుల పొడి చల్లి, జడలల్లి పుల్లా రొట్టెలు ఓవెన్‌లో పెట్టింది. చేతులు కడుక్కుంది. ఉతికిన దుప్పట్లు తీసుకుని బేస్‌మెంటులోకి దిగి, ఆరబెట్టే మిషన్‌లో పడేసి మీట నొక్కింది. అది గడగడమంటూ తిరగడం మొదలుపెట్టింది. తైమి దాని ముందు కాసేపు నిలబడింది. ఆలోచిస్తున్నాననుకుంది గానీ, ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. ఒళ్ళంతా నొప్పులు. ఈ మనిషిని బతిమాలే ఓపిక ఆమెలో ఎక్కడా మిగల్లేదు.

ఊర్హో వీపు వెనకనుంచి నడిచింది. స్టూలు మీద అతను, ఎదురుగా పచ్చటి అంకె. సౌనా గది తలుపు తీసి, పొయ్యి మీట చివరికంటా తిప్పింది.

ఎక్కడో టప్‌మంది. తిరుగుతున్న మిషను నిట్టూర్చినట్టు నెమ్మదించి ఆగిపోయింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఫ్యాను ఆగిపోయింది. టీవీలో అంకె ఓ చుక్కగా ముడుచుకుని, ఆ చుక్క కూడా పోయింది. కిటికీలోంచి మంచు వెలుతురు ఒక్కటే లోపలికి పడుతోంది.

"శనివారం మానేశాం కదా," అంది తైమి. "ఇవాళైనా కాస్త వేడి తగిలితే నడుం నొప్పి తగ్గుతుందని... ఓవెన్ సంగతి మర్చిపోయాను."

ఊర్హో లేవలేదు. తిట్టలేదు. అతను అరిచి ఉంటే తైమి కూడా అరిచేది, దాంతో ఇద్దరికీ కొంత తేలికపడేది. చివరికి లేచి, సౌనా పొయ్యి మీట ఆపి, ఫ్యూజు డబ్బా దగ్గరికెళ్ళి కొత్త ఫ్యూజు వేశాడు. ఓవెన్ మళ్ళీ వేడెక్కింది. రొట్టెలు మధ్యలో పచ్చిగా ఉండిపోయాయి. వాటినే కాగితంలో చుట్టించుకుని, సంచీ భుజాన వేసుకుని, సాయంత్రం బస్సెక్కాడు. మెట్టు మీదినుంచి చెయ్యి ఊపలేదు.

సోమవారం తైమి డ్యూటీనుంచి వచ్చి సీరియల్ పెట్టుకుంది. నిద్ర పట్టలేదు. స్టూలు తీసి మూల పెట్టింది, మళ్ళీ తెచ్చి ఉన్నచోటే పెట్టింది.

మంగళవారం మందుల షాపుకెళ్ళింది. జిజెల్ కవరు ముందే విప్పి చూసినట్టుంది, మొహం అదోలా పెట్టింది. నల్లటి పట్టీ లేదు, తెల్లటి సూర్యుడు లేడు. అంతా వచ్చింది. కానీ మీట నొక్కినప్పుడల్లా కెమెరా కదిలింది. ప్రతి అంకె పక్కన దాని నీడలాంటి ఇంకో అంకె. ఏది ఏదో చెప్పడం కుదరదు. తైమి వాటిని కౌంటరు మీద ఒక్కొక్కటిగా పరిచి చూసింది.

"దాదాపు వచ్చేసిందమ్మా," అంది జిజెల్. "ఈసారి కెమెరా దేనిమీదైనా గట్టిగా ఆనించి తీయమను. తప్పకుండా వస్తుంది."

తైమి తలూపింది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడింది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా, ఆమె చూసుకోలేదు. ఇంకో బస్సొచ్చేదాకా అక్కడే నిలబడింది.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. వెనకాల మగవాళ్ళ గొంతులు, తలుపులు కొట్టుకుంటున్న చప్పుడు. కార్మికుల బస వరండాలో ఉన్న ఫోనది.

"నేను," అన్నాడు ఊర్హో.

"ఎలా ఉంది పని?"

"పనిలాగే ఉంది. పైకప్పు మంచిది కాదు, చూసుకోవాలి. రైమో నీకు చెప్పమన్నాడు, బాగానే తింటున్నాడట. ఫోటోలు వచ్చాయా?"

తైమి ఓ అబద్ధం తయారుగా పెట్టుకుంది. పార్సిలు ఆలస్యమైందని చెబుదామనుకుంది. తీరా నోరు తెరిచేసరికి అది రాలేదు.

"వచ్చాయి. కెమెరా కదిలింది. ఒక్కటీ పనికిరాదు."

"ఊఁ."

"ఊర్హో, నేను మర్చిపోలేదు. ఓవెన్ నేనే పెట్టాను, మిషను నేనే వేశాను. తెలిసే ఆ మీట తిప్పాను. నువ్వు బస్సెక్కాలని చేశాను. ఇంక నా వల్ల కాలేదు." ఏడవకూడదనుకుంది. ఏడ్చేసింది.

"నాకు తెలుసు," అన్నాడు ఊర్హో.

"ఏం తెలుసు?"

"పొయ్యి బిగించింది నేను. ఆదివారం నాడు సౌనా ఎవరు వేస్తారు తైమీ? రొట్టెల వాసన కిందిదాకా వస్తోంది. మిషను తిరుగుతోంది. నువ్వు నా వెనకనుంచి ఆ తలుపు దగ్గరికెళ్ళావు. ఆగు అంటే ఆగేదానివి."

"మరెందుకనలేదు?"

అటువైపు ఎవరో, త్వరగా కానీయవయ్యా, మాకూ పెళ్ళాలున్నారు అని కేకేశారు. ఊర్హో గొంతు తగ్గించాడు.

"దాని పక్కన కూర్చున్నన్నాళ్ళూ నాకో డ్యూటీ ఉన్నట్టుండేది. అక్కడినుంచి లేస్తే మళ్ళీ ఏమీ ఉండదు. ఎవరు పొమ్మన్నా లేవలేకపోయాను. నా చేత్తో నేను దాన్ని ఆర్పలేను. నిద్ర కూడా పోలేదు తైమీ అన్నాళ్ళూ. ఎవరైనా ఆర్పేస్తే బాగుండునని కూర్చున్నాను. నువ్వు వెళ్తున్న అడుగుల చప్పుడు విని, కళ్ళు మూసుకున్నాను."

తైమి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"పెట్టేస్తాను. పొద్దున్నే కిందికి దిగాలి," అన్నాడు. "సీరియల్ చూసుకుంటున్నావా?"

"చూస్తున్నా."

"సరే."

ఫోను పెట్టేసిన చప్పుడు విన్నాక కూడా తైమి రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని, బేస్‌మెంటు మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ ఇంట్లో అలిసిపోయింది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.